పీట దాటిన మాట

మా స్కూల్లో సైన్సు చెప్పే ఉమాకుమారి గారికి ఖాళీ దొరికితే చాలు, ఫోను చూడటమే పని. మొన్న ఫిబ్రవరిలో ఒక లీజర్ పీరియడ్‌లో నేను ఎనిమిదో తరగతి తెలుగు పేపర్లు దిద్దుకుంటుంటే ఆ ఫోను తెచ్చి నా పేపర్ల మీద పెట్టారు.

"ఏవండీ ప్రసన్న గారూ, ఇది చూడండి. హైదరాబాదులో ఎవరో తెల్లావిడకి మనావిడ తలంటుతోందండీ. లక్షమంది చూశారంట. ఆ మాట అచ్చం మీ పెంటపాడు మాటలా లేదూ?"

నాకు ముందు చేతులు కనిపించాయి. ఎడమ చిటికెన వేలు రెండో కణుపు దగ్గర వంకర. నాకు ఆరేళ్ళప్పుడు ఆ వేలు తలుపు సందులో పడి నలిగింది. తలుపు వేసింది నేనే. తర్వాత మొహం కనిపించింది. మా అక్క వెంకటనరసమ్మ.

పీట మీద తెల్లావిడ కళ్ళు మూసుకుని కూచుంది. అక్క ఆమె నడినెత్తిన నూనె మర్దిస్తూ, ఇంట్లో గిన్నెలు తోముకుంటూ మాట్లాడే గొంతుతోనే మాట్లాడుతోంది. "మేం ఇద్దరాడపిల్లలవండీ. నాకు పిల్లల్లేరు. మా చెల్లికి పెళ్ళి కాకుండానే కడుపొచ్చింది. ఆ పిల్లనే నేను పెంచుకున్నాను. ఇప్పటికీ దానికి తెలీదండీ, నేనే కన్నాననుకుంటంది." కింద ఇంగ్లీషు అక్షరాలు, ఒక్క ముక్క వదలకుండా.

ఉమాకుమారి గారు ఫోను చూసి, నన్ను చూశారు. నాది పెంటపాడని, నాకు ఒక్కతే అక్క అని ఆవిడకి పదేళ్ళుగా తెలుసు. "అయ్యో, నాకు ల్యాబ్‌లో పనుందండీ" అని ఫోను తీసుకుని వెళ్ళిపోయారు. మా స్కూల్లో ల్యాబ్ లేదు.

దాచడానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి నేనే చెప్పేస్తున్నాను. సాయిప్రియ నా కడుపున పుట్టిన పిల్ల. అక్కని అమ్మా అని, నన్ను పిన్నీ అని పిలుస్తుంది. ఏలూరులో వార్డు సచివాలయంలో ఉద్యోగం, ఆడపిల్లల హాస్టల్లో ఉంటుంది. వీలు దొరికిన ఆదివారం తాడేపల్లిగూడెం మా ఇంటికొచ్చి భోంచేసి పోతుంది. ఆ వీడియో చూసిన క్షణంలో నాకు పరువూ గుర్తు రాలేదు, మావారూ గుర్తు రాలేదు. సాయిప్రియ చూసేలోపు దాన్ని తీసేయించాలి, అంతే. చూస్తే ఆ పిల్లకి అమ్మా ఉండదు, పిన్నీ ఉండదు.

అక్క మీద వచ్చిన కోపానికి చేతిలో ఎర్ర పెన్ను ఆగలేదు. ఏ పిల్లవాడి పేపరో, మొదటి పేజీ అంతా కొట్టేశాను.

ఆ కోపం అర్థం కావాలంటే మా ఇంట్లో తలంటు సంగతి తెలియాలి. శుక్రవారం పొద్దున్నే అమ్మ పెరట్లో పీట వేసేది. నువ్వుల నూనె వెచ్చబెట్టి, కుంకుడుకాయలు కొట్టి నానేసి, ముందు అక్కని, తర్వాత నన్ను కూచోబెట్టేది. పీట మీద ఏం చెప్పినా తిట్టకూడదు, కొట్టకూడదు, విన్నది పెరటి గుమ్మం దాటకూడదు. ఇది అమ్మ పెట్టిన కట్టడి. పలక పగలగొట్టింది ఎవరో, జామకాయలు కోసింది ఎవరో అన్నీ అక్కడే బయటపడేవి. కుంకుడు రసం పోస్తుంటే కళ్ళు ఎలాగూ తెరవలేం, ఎవరి మొహమూ చూడక్కర్లేదు. కళ్ళు మండి ఏడుస్తున్నామో, నిజంగానే ఏడుస్తున్నామో అడిగేవాళ్ళు కాదు.

అమ్మ పోయాక తలంటే పని అక్క తీసుకుంది. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా, పందొమ్మిది వందల తొంభై ఏడు ఆషాఢంలో అక్క పుట్టింటికొచ్చినప్పుడు, ఆ పీట మీదే కూచుని చెప్పాను. అతని పేరు అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ అనవసరం. అక్క చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"ఎన్నో నెలే?"

"మూడు."

"ఇంకెవరికన్నా తెలుసా?"

"లేదు."

"సరే, కళ్ళు మూసుకో. మండుతాయి" అని మళ్ళీ రుద్దింది.

అక్కది కొల్లేటి లంకలో కాపురం. వానాకాలమొస్తే చుట్టూ నీళ్ళే, దోనె కడితే తప్ప చుట్టాలు రారు. పెళ్ళయి ఆరేళ్ళయినా ఆమెకి కడుపు పండలేదు. ఆ ఏడాది అక్కకే నెల తప్పిందని ఊరంతా చెప్పుకున్నారు. తల్లి లేని పుట్టింట్లో పురుడెవరు పోస్తారు, చెల్లెలే సాయం వచ్చింది అన్నారు. కాలేజీలో నాకు కామెర్లన్నారు. మా బావ బంగార్రాజు నోరు విప్పని మనిషి. జనవరిలో ఏలూరులో ఒక చిన్న ఆసుపత్రిలో అక్క పేరు రాయించి నేను కన్నాను. పదకొండో రోజున అక్క పిల్లనెత్తుకుని దోనె ఎక్కింది, నేను తాడేపల్లిగూడెం బస్సెక్కాను. తర్వాత నాకు పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, ఉద్యోగం వచ్చింది. ఇరవై ఆరేళ్ళలో మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. అక్క కడుపులో రాయిలా దాచుకుందని నా నమ్మకం.

బావకి రెండు చేపల చెరువులుండేవి. ప్రభుత్వం కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టించిన ఏడాది అవి పోయాయి. ఆయన ఇంకొకరి చెరువు గట్టు మీద కాపలా కాసి, సాయిప్రియ ఇంటరు చదువుతుండగా గుండె ఆగి పోయాడు. అక్క ఊళ్ళో ఒకామె వెంట హైదరాబాదు వెళ్ళి వంటలో చేరింది. ఇద్దరు ముగ్గురి దగ్గర చేశాక, నాలుగేళ్ళ కిందట ఈ పోలండ్ వాళ్ళింట్లో కుదిరింది. భర్తకి ఏదో పెద్ద యంత్రాల కంపెనీలో ఉద్యోగం. భార్య పేరు మార్తా. ఏడేళ్ళ కూతురు, పేరు ఓలా.

పోయినేడు మే నెలలో అక్కకి కుడి మోకాలు వాచిందంటే నేను వెళ్ళి పదిరోజులున్నాను. గేటెడ్ కమ్యూనిటీ అంటే అదే మొదటిసారి చూడటం. మా గూడెం మార్కెట్ యార్డు లాంటివి నాలుగు పడతాయి. కొరియా వాళ్ళు, జపాన్ వాళ్ళు, జర్మనీ వాళ్ళు, ఎవరి చెప్పులు వాళ్ళ గుమ్మం ముందు. సాయంత్రం పార్కులో ఆ దేశాల పిల్లలందరూ ఆడుకుంటుంటే, బెంచీల మీద మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళు కూచుని ఎవరింట్లో ఏం వండారో చెప్పుకుంటారు. పనివాళ్ళకి లిఫ్టు వేరే. మార్తా మాత్రం అక్కని తన లిఫ్టులోనే తీసుకెళ్ళేది, సెక్యూరిటీ వాడితో దెబ్బలాడి మరీ.

వచ్చిన కొత్తలో ఆమె పడ్డ అవస్థలు అక్క కథలుగా చెప్పింది. రోడ్డు దాటలేక అరగంట నిలబడి ఇంటికొచ్చేసేదట. ప్లంబరు రేపొస్తానంటే నిజమనుకుని రోజంతా ఇంట్లో కూచునేదట. పాలు కాచడం రాదు, కూరలవాడితో బేరమాడటం రాదు. మొగుడు తెల్లారి వెళ్తే చీకటి పడ్డాక వస్తాడు. మధ్యాహ్నం పూట బాల్కనీలో కూచుని ఏడ్చేదట.

"మనిషి మనిషేగదే. ఏ దేశమైతే ఏం, ఏడుపొక్కటే. పీట వేసి తలంటాను. పీట మీదే నిద్రపోయింది, పిచ్చితల్లి" అంది అక్క.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం తలంటు. మార్తా కూడా అక్కకి తన వంటలు నేర్పింది. బీట్‌రూట్‌తో పుల్లటి చారు, ఉప్పునీళ్ళలో ఊరేసిన దోసకాయలు. ఆ జాడీ మూత తీసి అక్క "వీళ్ళకీ ఊరగాయుందే!" అని మురిసిపోయింది. అందరూ ఒకే బల్ల మీద తినేవాళ్ళు. ఓలా అయితే అచ్చం మన మనిషి. "అమ్మమ్మగారండీ, ఆకలేస్తందండీ" అంటుంటే నేను కడుపు పట్టుకుని నవ్వాను. మన పిల్లలు మమ్మీ, డాడీ అంటున్న రోజుల్లో ఆ పిల్ల అండీ లేకుండా నోరు తెరవదు.

ఒక్కటే నాకు నచ్చలేదు. ఎక్కడ చూసినా ఫోను, మూడు కాళ్ళ స్టాండు మీద. వంట దగ్గరా, గుమ్మం దగ్గరా, పీట దగ్గరా.

"ఇదేంటక్కా?" అంటే, "వాళ్ళమ్మకి చూపించుకుంటందే. ముసలావిడ, రాలేదుగా" అంది.

ఆ ఇంటికి వారానికి రెండుసార్లు అఖిల అనే అమ్మాయి వచ్చేది. మన ఏలూరు పిల్లే. పైఅంతస్తులో ఉండి కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు తల్లీకూతుళ్ళకి తెలుగు చెబుతుంది. అక్కని "పిన్నిగారూ" అనేది. ఏలూరు పిల్ల కదా అని అక్క చేపల పులుసు వండినప్పుడల్లా ఆమెకి గిన్నె పట్టుకెళ్ళేది. ముళ్ళు తీసి మరీ ఇచ్చేది.

మళ్ళీ ఫిబ్రవరికి వస్తాను. స్కూలు నుంచి ఇంటికి వచ్చి, తలుపేసుకుని అక్కకి ఫోను చేశాను. "నువ్వేం చేశావో తెలుసా? నా బతుకు ఊరంతా పంచిపెట్టావు" అన్నాను. ఆమెకి ముందు అర్థం కాలేదు. వీడియో సంగతి చెప్పాను. "మరి నేను తెలుగులో కదే చెప్పాను" అంది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను పెట్టేశాను.

మర్నాడు సెలవు పెట్టి పొద్దుటి రైలెక్కాను. దారిపొడుగునా ఆ వీడియో చూశాను. మొత్తం ఇరవై రెండు నిమిషాలు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "అది ఎప్పుడొచ్చి నా పిల్లని నాకిచ్చెయ్యమంటుందో అని గుండె దడండీ. చెల్లెలి పెళ్ళిలో ఏడ్చాను. అందరూ ప్రేమనుకున్నారు. ఇంక అడగదులే అని సంతోషంతో ఏడ్చానండీ. ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా అడగలేదు. అడిగినా ఇద్దును కాదనుకోండి. కానీ, అడగలేదేంటండీ?" అంది. పీట మీద మార్తా కళ్ళు తెరవకుండానే "ఊఁ" అంది.

నేను వెళ్ళేసరికి అక్క, మార్తా, అఖిల ముగ్గురూ హాల్లోనే ఉన్నారు. అక్క సోఫా మీద కూచోకుండా కింద కూచుంది. నాలుగేళ్ళలో ఆ ఇంట్లో ఆమె కింద కూచోవడం అదే మొదటిసారేమో, మార్తా చెయ్యి పట్టుకుని లేపుతోంది, ఈమె లేవడం లేదు.

"ఎందుకు చెప్పావక్కా?"

"ఎవరికో ఒకరికి చెప్పకపోతే చచ్చిపోతానేమో అనిపించిందే. నీకు చెబితే నువ్వు పిల్లని అడుగుతావు, దానికి చెబితే అది పోతుంది. మీ బావ లేడు. ఈవిడికి రెండు ముక్కలు తప్ప తెలుగు రాదు. గోడకి చెప్పుకున్నట్టు చెప్పుకున్నాను. అయినా పీట మీదేగదే చెప్పాను!"

మార్తాకి నా ఇంగ్లీషు అందింది. ఆమె ఇంగ్లీషూ నాకందింది. మొదట అది నిజంగానే వాళ్ళమ్మ కోసం తీసిందట. తర్వాత హైదరాబాదులో తమ కాపురం గురించి వీడియోలు పెట్టడం మొదలుపెడితే, అన్నిటికంటే తలంటు వీడియోలనే జనం ఎక్కువ చూశారట. అవి చూస్తే నిద్ర పడుతుందట. ఈమె ఏం చెబుతోందని అందరూ అడిగితే అఖిల చేత ఇంగ్లీషులోకి రాయించిందట. "చదివి రెండు రోజులు ఏడ్చాను. ఇంత మంచి తల్లి గురించి నలుగురికీ తెలియాలనుకున్నాను. చూసేవాళ్ళంతా ఎక్కడో మా వైపు వాళ్ళు కదా, మీ ఊళ్ళో ఎవరు చూస్తారు?" అంది.

మా అక్క ఈమెకి తెలుగు రాదనుకుంది. ఈమె మా వాళ్ళు చూడరనుకుంది. ఇద్దరికీ నా చెంపదెబ్బ సరిపోయేది. కానీ నా కోపం వాళ్ళ మీద కాదు. సోఫా చివర గోళ్ళు చూసుకుంటూ కూచున్న ఏలూరు పిల్ల మీద.

"ఆవిడకంటే తెలియదు. నీకు తెలుసుగా అమ్మాయ్? నీకూ ఒక పిన్ని ఉండే ఉంటుంది. పెళ్ళి కాని పిల్లకి కడుపొచ్చిందని నలుగురిలో పెడితే మన వైపు ఏమవుతుందో నీకు తెలియదా?"

"మేడమ్, పిన్నిగారు కాగితం మీద సంతకం పెట్టారండీ" అంది అఖిల.

"ఏ కాగితం?" అన్నాను అక్కతో.

"ఏమో. అఖిలమ్మ పెట్టమంది, పెట్టాను" అంది అక్క. "మనమ్మాయేగా అని చదవమనలేదు."

అఖిల అప్పుడు ఏడ్చింది. వీడియో చివర అనువాదం అని తన పేరు పడుతుందంటే ఆశపడిందట. చేపల పులుసు తిన్న చేత్తోనే రాసింది. నోటికొచ్చినన్ని తిట్టాను. బడిపంతులమ్మని, తిట్లకి కరువేం లేదు. అక్క మాత్రం ఆ పిల్లని ఒక్క మాట అనలేదు. "ఇంక పులుసు తేనులే తల్లీ" అంది. తిట్లకి కదలని పిల్ల ఆ మాటకి లేచి వెళ్ళిపోయింది.

మార్తా కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇప్పుడే తీసేస్తాను, మీరే చూడండి" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. సాయిప్రియ చూడలేదు, చూసి ఉంటే ఈపాటికి ఫోను వచ్చేది. వీడియో కింద జనం రాసినవి వేలున్నాయి. ఏవేవో భాషలు. ఆమె కిందకి జరుపుతుంటే తెలుగు అక్షరాలు కనపడి "ఆగండి" అన్నాను.

మూడు వారాల కిందట రాసింది. ఫోటో చిన్నదైనా గుర్తుపట్టాను. నా నుదురే.

"ఈవిడ మా అమ్మండీ. ఆవిడకి కుడి మోకాలు నొప్పి. దయచేసి అంతసేపు నిలబెట్టకండి."

అంతే రాసింది. దాని పక్కన మార్తా పెట్టిన ఎర్ర గుండె బొమ్మ ఉంది. చదవడం రాక, ఏదో మెచ్చుకోలనుకుని పెట్టిందట.

నేను పైకి చదివి వినిపించాను. అక్క రెండు చేతులూ మోకాలి మీద పెట్టుకుని, "చూసేసిందా? చూసి కూడా అమ్మే అందా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ప్రతిసారీ అవునన్నాను. ఆమె మొహం చూడలేక నేను ఆ తారీకునే చూస్తూ ఉండిపోయాను. ఎందుకంటే ఆ తారీకు తర్వాత ఆదివారం సాయిప్రియ మా ఇంటికొచ్చింది.

గుత్తివంకాయ వండాను. మావారితో క్రికెట్ కబుర్లు చెప్పింది, నాతో మామూలుగానే ఉంది. బస్సుకి బయల్దేరుతూ, చెప్పులేసుకుని మళ్ళీ విప్పి లోపలికొచ్చింది. "పిన్నీ, శుక్రవారం సెలవు పెట్టి రానా? నాకు తలంటుతావా?" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల నన్ను అడిగిన కోరిక అదొక్కటే. నా బల్ల మీద పేపర్లు గుట్టగా ఉన్నాయి. "ఈ జుట్టు అంటాలంటే పూట పడుతుందే. నాకెక్కడ కుదురుతుంది? మీ అమ్మొచ్చాక అంటించుకో" అన్నాను. "సరే పిన్నీ" అని చెప్పులేసుకుంది.

అన్నీ తెలిసి వచ్చింది. పీట వెయ్యమంది. కళ్ళు మూసుకుని కూచుంటాను, నువ్వు చెప్పు అంది. నేను పేపర్లున్నాయన్నాను. అక్క నన్ను మోసం చేసిందని నాలుగు వందల కిలోమీటర్లు తిట్టుకుంటూ వచ్చాను. అక్క చెప్పకూడని చోట చెప్పింది, నిజమే. నేను చెప్పాల్సిన చోట పేపర్లు దిద్దాను.

మార్తా వీడియో తీసేసింది. ఆ కామెంటు కూడా దాంతోపాటే పోయింది. అక్క ఆ నెలాఖరుకి వచ్చేస్తానని చెప్పింది, ఓలా ఆమె కొంగు పట్టుకుని వదల్లేదు. మావారికి ఆ వారమే నేను చెప్పాను. ఆయన ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడటం లేదు, మాట్లాడమని నేనూ అడగటం లేదు.

మార్తా ఇంటికి వెళ్ళిన ఆ రోజు సాయంత్రం, తిరుగు రైలెక్కే ముందు, సికింద్రాబాదు స్టేషన్లో బెంచీ మీద కూచుని సాయిప్రియకి ఫోను చేశాను. "శుక్రవారం రావే. సెలవు పెడతాను. తలంటుతాను" అన్నాను.

సాయిప్రియ ఎప్పటి గొంతుతోనే, మెత్తగా అంది.

"వద్దులే పిన్నీ. అమ్మొచ్చాక అంటించుకుంటాను. నువ్వే చెప్పావుగా."